ఉప్పు రాకాసి అసలు పేరు ఆదిశేషమ్మ

షేర్ ఆటోలో పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాడు ఆదిశేషమ్మను ముందు బాణాలతో కొట్టాడు, తర్వాత గొడ్డలితో నరికాడు, చివరికి నిప్పు పెట్టాడు. చచ్చేముందు ఆమె గొంతెత్తి అరిచింది. ఆ చావంతా అతని ఫోన్‌లో జరిగింది. ప్రాణాలతో ఉన్న ఆదిశేషమ్మ మాత్రం కాళ్ల మధ్య చేపల గంప జారకుండా పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

మైపాడు నుంచి ఇందుకూరుపేటకు పోయే ఆటో అది. డ్రైవరుకు ఆమె బాగా తెలుసు. అద్దంలో చూసి పళ్లికిలించాడు.

“ఏం పిన్నమ్మా, పొద్దున్నించి ఇది ఎన్నో సావు?”

ఆటోలో ఉన్నవాళ్లంతా నవ్వారు. కుర్రాడికి ఏమీ అర్థం కాక తలెత్తి చూశాడు.

“నువ్వు ఆడుకో నాయనా” అంది ఆదిశేషమ్మ. “ఆ సౌండొకటి రవంత తగ్గించుకో, చాలు.”

అతను తగ్గించాడు, మర్యాదస్తుడే. ఇందుకూరుపేట వచ్చేదాకా ఆమె అతని చేతిలో సన్నగా చస్తూనే ఉంది.

ఇందులో నవ్వడానికి ఏముందో ఎవరైనా చెబితే వింటాను. ఒక మనిషి తన చావుకేక తాను వింటూ, చార్జీ ఇచ్చి మరీ వింటూ, గంప సర్దుకుని దిగిపోయింది. ఒక్కనాడు కాదు, ఏళ్ల తరబడి ఇదే. దీన్ని ఓర్పు అని మెచ్చుకునేవాళ్లున్నారు. ఓర్చుకునే అవసరం ఆమెకు ఎందుకొచ్చిందని అడిగేవాళ్లు లేరు.

మైపాడుకు దక్షిణంగా సరుగుడు తోపు దాటి నడిస్తే వచ్చే చిన్న పాళెం ఆదిశేషమ్మది. యాభై దాటాయి. భర్త లేడు. కొడుకు శివ, తమ్ముడు గంగాధరం ఒకే ఫైబరు పడవలో వేటకు పోతారు. పడ్డ చేపను ఆమె గంపకెత్తుకుని ఇందుకూరుపేట వీధుల్లో అమ్ముతుంది. కోడలు స్వర్ణ ఇంటరు దాకా చదివింది కాబట్టి ఇంట్లో ఫోన్ పనులన్నీ ఆ పిల్లవే. ఇంతవరకూ తీరంలో ఏ ఇంటి కథయినా ఇట్లాగే ఉంటుంది. ఆదిశేషమ్మకు ఇంకొక పని ఉంది. దోవ పిలవడం.

ఆ పాళేనికి రేవు లేదు. పడవలు అలల్లోంచి నేరుగా ఇసుక మీదికి రావాలి. ఒడ్డుకు కాస్త ముందు నీళ్ల కింద ఇసుక మిట్టలుంటాయి. వాటి మధ్యలో ఎక్కడో పడవ పట్టేంత దోవ ఉంటుంది. అది ఒకచోట ఉండదు. ఈ వారం ఇక్కడుంటే గాలి మారాక ఇంకెక్కడికో జరుగుతుంది. ఎండగా ఉంటే అలల తీరు చూసి పడవలోని వాళ్లే పోల్చుకుంటారు. మంచు కమ్మిన పొద్దుల్లో ఏమీ కనపడదు. జీపీఎస్ లేదా అంటారేమో, ఉంది. అది పాళెం ఎక్కడుందో చెబుతుంది. ఈ పూట దోవ ఎక్కడుందో దానికేం తెలుసు?

అందుకే ఒక మనిషి దోవకు ఎదురుగా నీళ్లలో మోకాళ్లదాకా దిగి నిలబడి పిలుస్తుంది. అందులో మాటలుండవు. అడుగునుంచి లేచి, పైకెక్కి, చివర కత్తితో కోసినట్టు తెగిపోయే కూత. గాలి ఎటున్నా అది పడవకు అందుతుంది. పడవ ముక్కు దానివైపు తిప్పడమే, ఆలోచించే పని లేదు. ఆదిశేషమ్మ తల్లి పిలిచేది, తల్లి తర్వాత ఈమె. పాళెంలో పుట్టిన ప్రతి మగబిడ్డ చెవిలోనూ ఆ గొంతు ఉంది.

ఆ పిలుపుకు ఒక కట్టుబాటు ఉంది. ఊరికే పిలవకూడదు. ఎవరికన్నా నేర్పాలన్నా, చూపించాలన్నా, సముద్రానికి వీపు పెట్టి ఊరివైపు తిరిగి పిలవాలి. అప్పుడు అది ఆట కింద లెక్క. సముద్రం వైపు మొహం పెట్టావంటే మాత్రం పడవ వచ్చి తీరాలి, దోవ ఉండి తీరాలి. ఎదిగే ఆడపిల్లలు దోవ పిలుపు నేర్చుకుంటున్నప్పుడు పాళెంలోకి పోతే, పిల్లలంతా గుడిసెల వైపు తిరిగి అరుస్తుంటారు, కోళ్లు బెదిరి పారిపోతుంటాయి.

కరోనాకు ముందు సంవత్సరం కిషోర్ బాబు అనే ఆయన కారేసుకుని వచ్చాడు. తెల్లటి చొక్కా, చేతిలో బొచ్చు తొడుగు వేసిన మైకు. తీరాల్లో పాత పిలుపులు మరుగున పడిపోతున్నాయనీ, వాటిని సేకరించి దాచిపెడుతున్నామనీ చెప్పాడు. అబద్ధమాడాడని నేననను. అప్పటికి ఆయన అనుకున్నది అదే కావచ్చు. పాళెమంతా చుట్టూ మూగింది.

“అమ్మా, సముద్రం వైపు తిరిగి పిలవండి. అలల చప్పుడు కూడా కలిసి బాగా వస్తుంది” అన్నాడు.

“కుదరదు సామీ.”

“ఎందుకమ్మా?”

“ఆ పక్క తిరిగితే నిజమైపోద్ది. నీకు కావాల్సింది ఉత్తుత్తి పిలుపు గదా. వీపు పెట్టి పిలుస్తా, పట్టుకో.”

ఆయన నవ్వి సరేనన్నాడు. ఆమె సముద్రానికి వీపు పెట్టింది. తన గుడిసె వైపు, ఎండబెట్టిన వలల వైపు, నోరు తెరుచుకుని చూస్తున్న స్వర్ణ వైపు తిరిగి గొంతు విప్పింది. మైకు పట్టుకున్న మనిషికి ఒళ్లు జలదరించిందట. ఆ మాట ఆయనే చెప్పాడు. టీ తాగాడు, రొయ్యల వేపుడు తిన్నాడు, దండం పెట్టి పోయాడు.

వీపు పెట్టి పిలిచాను కాబట్టి ఆ పిలుపు వల్ల ఏ పడవకూ చెడు జరగదని ఆదిశేషమ్మ గట్టిగా నమ్మింది. అదే ఆమె చేసిన పొరపాటు. వాళ్ల యంత్రాల్లో వీపూ మొహమూ లేవు. హైదరాబాదులో ఎవరో ఆ కూత వెనక అలల చప్పుడు అతికించారు. అంతటితో ఆమెను సముద్రం వైపు తిప్పేసినట్టే.

కరోనాలో ఆన్‌లైన్ క్లాసులకని పిల్లల చేతికి ఫోన్లొచ్చాయి. ఫోన్లలోకి ‘దీవి వేట’ వచ్చింది. ఒక వీరుడు దీవి నుంచి దీవికి పోతూ కనపడ్డదాన్నల్లా చంపుకుంటూ పోయే ఆట. ఉప్పుగుట్ట మీద తడి జుట్టు ఆరబోసుకుని కూర్చున్న ఒక ఆడ ఆకారం అందులో ఎదురవుతుంది. పేరు ఉప్పు రాకాసి. నోరు తెరిస్తే ఆదిశేషమ్మ గొంతు.

మొదటి భాగంలో వీరుడు దాన్ని చంపేశాడు. అక్కడితో ఊరుకోవచ్చు గదా! రెండో భాగంలో కోరలతో లేచొచ్చింది. మూడో భాగానికి రెక్కలొచ్చాయి. నాలుగో భాగం తీసినవాళ్లకైతే చేతులెత్తి మొక్కాలి. అందులో రాకాసి పొగమంచులో రాతిగుట్ట వెనక దాక్కుని పిలుస్తుంది. ఆ పిలుపు విని తిరిగిన పడవలు రాళ్లకు గుద్దుకుని పగిలిపోతాయి. తెలివైన ఆటగాడు ఆ గొంతు వినగానే పడవ అవతలికి తిప్పుకోవాలి. పడవలను ఇంటికి చేర్చే కూతను పడవలను ముంచే కూతగా మార్చారు. పిల్లలు దాన్ని పొద్దస్తమానం బట్టీ పట్టినట్టు వింటున్నారు. పాళెం పిల్లలు కూడా!

గొంతెవరిదో పాళెంలో మొదటి రోజే తెలిసిపోయింది. ముందు గర్వపడ్డారు. “మా అత్త ఫోన్‌లో ఉండాది” అని స్వర్ణ పుట్టింటికి కూడా చెప్పుకుంది. తర్వాత ఆ గర్వం మెల్లగా ఎగతాళిలోకి దిగింది. ఆమెను వరసకు అత్తా అని పిలిచేవాళ్లంతా రాకాసత్త అనడం మొదలుపెట్టారు. ఇందుకూరుపేటలో చేపలు కొనే ఇంటి పిల్లవాడు తలుపు వెనక నుంచి తొంగిచూసి, “నీకు ఇంగా మూడు ప్రాణాలుండాయంట గదా?” అని అడిగాడు. “ఉంటే ఒకటి మీ అవ్వకిస్తాలే, మోకాళ్ల నొప్పులంటుండాది” అని నవ్వించి వచ్చింది. ఇంకో ఇంట్లో చంటిబిడ్డ తల్లి గేటు దగ్గరే ఆపేసింది. “వీధిలో కేకెయ్యబాక అక్కా. నీ గొంతింటే మా పెద్దోడు జడుసుకుంటాడు.” ఆ రోజునుంచి ఆదిశేషమ్మ ఆ వీధిలో కేకెయ్యకుండా ఒక్కో గేటూ తట్టి అమ్ముతోంది.

“అడగరాదా అత్తా వాళ్లని?” అంది స్వర్ణ ఒకసారి.

“ఏమని అడిగేదే? పసిబిడ్డలు ఆడుకుంటుండారు. నేను వీపు పెట్టే గదా పిలిచినా. ఏం గాదులే.”

ఈ ‘ఏం గాదులే’ మనవాళ్ల నోట్లోంచి ఎప్పుడు పోతుందో!

మొన్న జనవరిలో ఒక ఆదివారం కానే అయింది.

తెల్లవారినా తెల్లవారనట్టే ఉంది. చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత మంచు. మిగతా పడవలు ముందు రోజు గాలి చూసి వేటకు పోలేదు, శివ పడవ పోయింది. దోవ ఆ వారం దక్షిణం వైపు జరిగి ఉంది. ఆదిశేషమ్మ చీర ఎగదోపుకుని నీళ్లలోకి దిగి, సముద్రం వైపు మొహం పెట్టి పిలవడం మొదలుపెట్టింది. స్వర్ణ గంపలు పట్టుకుని వెనక నిలబడింది. కాసేపటికి మంచులోంచి ఇంజను చప్పుడు వినిపించింది.

అప్పుడే ఉత్తరం నుంచి కూడా పిలుపు వినిపించింది.

అదే గొంతు, అదే తెగడం. అయితే ఇంతకు పదింతలు పెద్దగా ఉంది.

ఆదిశేషమ్మ మొదట తన కూతే తోపుకు తగిలి తిరిగొచ్చిందనుకుంది. ఆగి చూసింది. అది మాత్రం ఆగలేదు. సరుగుడు తోపు పక్కన పట్నం నుంచి వచ్చిన కుర్రవాళ్లు గుడారాలు వేసుకున్నారు. ల్యాప్‌టాప్‌కు పెద్ద స్పీకరు తగిలించి ‘దీవి వేట’ ఆడుతున్నారు. అది నాలుగో భాగం, రాకాసి మంచులో పిలిచే ఘట్టం.

“స్వర్ణా, పరిగెత్తవే! ఆపించు దాన్ని!”

తాను పోవడానికి లేదు. తాను పిలవడం ఆపితే పడవకు మిగిలేది ఆ స్పీకరొక్కటే. గొంతు చిరిగేలా పిలుస్తూ అక్కడే నిలబడింది.

ఇసుకలో పరుగు తెమలదు. స్వర్ణ ఒగరుస్తూ గుడారాల దగ్గరికి చేరేసరికి ముగ్గురు కుర్రవాళ్లు రగ్గులు కప్పుకుని తెరముందు వంగి కూర్చున్నారు.

“అన్నా, ఆపండన్నా! ఆ సౌండు ఆపండి! పడవొస్తుండాది!”

“ఒక్క నిమిషం అక్కా” అన్నాడు ఆడుతున్నవాడు తల తిప్పకుండా. “ఈ లెవెల్ అయిపోనీ. ఇప్పుడు ఆపితే మళ్లీ మొదటినుంచి ఆడాలి.”

“మా మనుషులన్నా పడవలో!”

“అర నిమిషం అక్కా, చచ్చిపోయే టైం వచ్చింది దానికి.”

స్వర్ణ స్పీకరు వైరు పట్టుకుని పీకేసింది. అప్పటికే ఆలస్యమైంది. మంచు అవతల ఫైబరు ఇసుకను గుద్దిన చప్పుడు, వెంటనే అల విరిగిన చప్పుడు, మనిషి అరుపు.

పడవ మిట్టకెక్కి అడ్డం తిరిగింది. వెనకనుంచి వచ్చిన అల దాన్ని బోర్లా వేసింది. శివ ఈదుకొచ్చాడు. ముందు వైపు కూర్చున్న గంగాధరం కాలు పడవ అంచుకింద పడి మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. ఇంజను నీళ్లపాలయింది. ఆడుతున్న కుర్రాడే అందరికంటే ముందు నీళ్లలోకి దూకాడనీ, తన కార్లోనే గంగాధరాన్ని నెల్లూరు ఆసుపత్రికి చేర్చాడనీ చెప్పకపోతే అన్యాయమవుతుంది. దారి పొడుగునా ఏడ్చాడట. ఆ గొంతు నిజం మనిషిదని వాడికెవరు చెప్పారు గనక?

ఆసుపత్రి మంచం మీద గంగాధరానికీ శివకూ జరిగిన గొడవ స్వర్ణ చెప్పింది.

“నేను ఎడం పక్క తిప్పమన్నానా లేదా?” అన్నాడు గంగాధరం.

“అన్నావు మామా. కుడి పక్క గట్టిగా ఇనబడె.”

“మా అక్క ఎప్పుడురా అంత గట్టిగా పిలిచినాది?”

“మంచు జాస్తిగా ఉండాది, అందుకే గట్టిగా పిలుస్తుండాదనుకున్నా. అమ్మ గొంతే మామా అది! అమ్మ గొంతిని నేను వేరే పక్క ఎట్ట తిప్పేది?”

ఆదిశేషమ్మ గోడకానుకుని కింద కూర్చుని ఉంది. ఆ రోజు ఆమె అన్నది ఒక్కటే. “వీపు పెట్టినా గదరా అబ్బయా. వీపు పెట్టే పిలిచినా.”

వారం తర్వాత పాళెం పెద్దలు ఇసుకలో కూర్చున్నారు. అందరిలోకి పెద్దవాడు నరసయ్య. మంచివాడు. నలభై ఏళ్లు ఆ పిలుపు పట్టుకుని ఒడ్డుకొచ్చినవాడు.

“నీ తప్పేం లేదు మే. నీమీద మాకు అనుమానం లేదు. ఆ గొంతు మీదనే అనుమానం. అది నువ్వా, ఫోనా అని పడవలోనోళ్లు ఆలోచించే లోపల అల ఆగదు. నువ్వింగ పిలవబాక.”

“సరేలేన్నా” అంది ఆదిశేషమ్మ.

అంతే. తల్లి చేతినుంచి వచ్చిన పని, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఆమె చేసిన పని, ఒక సరేతో పోయింది. కొట్లాడలేదు. ఇంటికొచ్చి చేపలు శుభ్రం చేసుకుంది.

ఇక సలహాలు. సలహాలకు మనకు కరువేముంది! ఈల ఊదండి అన్నారొకరు. సెలవు రోజుల్లో బీచిలో పోలీసులు పొద్దుగూకులూ ఈలలు ఊదుతూనే ఉంటారు. సైరను పెట్టిస్తామన్నారు ఒక ఆఫీసులో. సైరనును రోజూ జరిగే దోవ వెంట ఎవరు మోసుకు తిరగాలో చెప్పలేదు. పిలుపు మార్చుకోండి, ఇంకో రకంగా అరవండి అన్నారు చదువుకున్నవాళ్లు. మీ అమ్మ మిమ్మల్ని పిలిచే తీరు రేపటినుంచి మార్చేసి, గుక్క తిప్పుకోలేని నీళ్లలో ఉన్నప్పుడు ఆ కొత్త గొంతుకు తలతిప్పండి చూద్దాం. అయినా, ఇంట్లోకి చొరబడ్డవాణ్ని వదిలేసి ఇంటివాళ్లను ఇల్లు మార్చుకోమనడం ఎక్కడి న్యాయం?

స్వర్ణకు మాత్రం కోపం ఆగలేదు. ఆట కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. ఆ సంభాషణ ఆ పిల్ల నోట వినాలి.

“నమస్కారం! ఏ లెవెల్లో ఆగిపోయారు మేడం?”

“లెవెలు కాదండీ. ఉప్పు రాకాసి గురించి చెప్పాల.”

“ఉప్పు రాకాసితో చాలామందికి ఇబ్బందే మేడం. నిప్పు బాణం వాడారా?”

“రాకాసి మా అత్తండీ!”

“మీ ఆటగాడి పేరు ‘మా అత్త’ అనుకోవచ్చా మేడం?”

స్వర్ణ అన్నీ విడమరిచి చెప్పింది. పడవ, మంచు, విరిగిన కాలు. అవతలి అమ్మాయి చాలా బాధపడింది, నిజంగానే బాధపడింది. మీ అసౌకర్యానికి చింతిస్తున్నామంది. మరునాడు ఫోన్‌కు సందేశం వచ్చింది. క్షమాపణగా ఆటలో వాడుకోవడానికి ఒక సంచెడు బంగారు నాణేలు ఇచ్చారట. వాటితో నిప్పు బాణాలు కొనుక్కోవచ్చట. అత్తను కాల్చడానికి కోడలికి బాణాలు పంపిన కంపెనీని నేను మొదటిసారి చూస్తున్నాను.

చివరికి కిషోర్ బాబు దొరికాడు. ఆయనిప్పుడు ఆ కంపెనీలోనే శబ్దాల విభాగానికి పెద్ద. ఆదిశేషమ్మే మాట్లాడింది, ఫోను స్పీకరులో పెట్టి, పక్కన స్వర్ణ ఉండగా.

“అమ్మా, మీరు నాకు బాగా గుర్తున్నారు. రొయ్యల వేపుడు కూడా గుర్తుంది. మీ గొంతు ఎన్ని లక్షలమందికి చేరిందో మీకు తెలుసా?”

“చేరాల్సిన పడవకు చేరలా సామీ.”

“జరిగింది దురదృష్టం అమ్మా. కానీ అది కాకతాళీయం. మా ఆటలో ఆ పాత్రకు ఎంతో పేరొచ్చింది. అందరికీ భయమంటే మీ గొంతే.”

“అదే గదా నేను చెప్పేది. బయపడేదానికి కాదు అది. ఇంటికి రమ్మనేదానికి. తీసెయ్యండి సామీ. ఇంకేమన్నా అరుపు పెట్టుకోండి. నక్కది పెట్టుకోండి, గుడ్లగూబది పెట్టుకోండి. మీ మిషన్లో ఎన్ని లేవు?”

“ఒకసారి వచ్చేసిన గొంతును మార్చితే ఆడేవాళ్లు ఊరుకోరమ్మా. ఇన్నేళ్లుగా అలవాటుపడ్డారు.”

ఆ మాటకు ఆదిశేషమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి తనకు భయమేసిందని స్వర్ణ చెప్పింది.

“మా వోళ్లు అంతకన్నా ముందునుంచి అలవాటు పడుండారు సామీ” అంది. “మా అమ్మ కాడ్నించి.”

పైవాళ్లతో మాట్లాడతానని ఆయన ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఎత్తలేదు. ఎత్తకపోగా, ఈ చలికాలానికి ఐదో భాగం వస్తోందని ప్రకటన వచ్చింది. ఈసారి ఉప్పు రాకాసికి పిల్లలు కూడా ఉంటాయట. గుట్టగుట్టకూ ఒకటి నిలబడి తల్లి గొంతుతోనే పిలుస్తాయట. రెండు చోట్ల వినిపిస్తేనే ఒక పడవ బోర్లాపడింది. ఇక ఎన్ని చోట్ల వినిపిస్తుందో!

ఐదో భాగం వచ్చేలోగా ఆదిశేషమ్మ ఒక పని చేస్తోంది. సాయంత్రం పూట స్వర్ణను ఒడ్డుకు తీసుకుపోతుంది. ఇద్దరూ సముద్రానికి వీపు పెట్టి నిలబడతారు. స్వర్ణ ఊరివైపు పిలుస్తుంది. గొంతు సన్నం. పైకెక్కాక వణుకుతుంది, తెగాల్సినచోట సాగిపోతుంది.

“కొయ్యాలే, కొయ్యాల! చేప తల కోసినట్టు ఒక్క యేటుకు.”

“నువ్వొకసారి పిలిచి చూపించత్తా.”

ఆదిశేషమ్మ తల అడ్డంగా ఊపుతుంది. వీపు పెట్టి పిలవడం మీద ఆమెకిక నమ్మకం లేదు. నోరు తెరవకుండా చేత్తో చూపిస్తుంది. గాలిలో చెయ్యి లేపి, పైకి తీసుకుపోయి, టక్కున ఆపుతుంది. మంచు పట్టిన పొద్దున స్వర్ణ నీళ్లలో దిగి పిలుస్తుంటే ఆమె గుడిసె ముందు కూర్చుని పెదాలు బిగబట్టుకుని ఉంటుంది. ఆ పిల్ల గొంతు మిట్ట దాటి పోదు, పాళెంలో నేర్చుకునే మిగతా ఆడపిల్లలదీ అంతే. పడవలు మంచు విడిచేదాకా లోపలే ఊగుతూ ఆగుతున్నాయి. మంచు విడిచేలోగా గాలి లేస్తే ఏమవుతుందో పాళెంలో అందరికీ తెలుసు. దాని గురించి ఎవరూ మాట్లాడరు. అంత దూరం పోయే గొంతు ఒడ్డు మీదే ఉంది, నోరు మూసుకుని.

చదువుతున్నవారికి ఒక మాట. జాలిపడొద్దు, జాలితో ఆ పాళేనికి పనిలేదు. మీ ఇంట్లో, మీ చేతిలో ఫోనుంది. మీ పిల్లలో తమ్ముళ్లో ‘దీవి వేట’ ఆడుతూ ఉండే ఉంటారు. ఆట కింద అభిప్రాయం రాసే చోటుంటుంది. అక్కడ రాయండి, కంపెనీకి రాయండి, చలికాలం రాకముందే రాయండి. ఐదో భాగంలో ఆ గొంతు ఉండకూడదని, పాత నాలుగింటిలోంచి కూడా తీసేయాలని రాయండి. ఆడేవాళ్లు ఊరుకోరని కంపెనీ అంటోంది కదా, ఊరుకుంటామని ఆడేవాళ్లే చెప్పండి. రాకాసిని తీసేయమని ఎవరూ అడగడం లేదు. దాన్ని ఎన్నిసార్లయినా చంపుకోండి, ఇంకో గొంతుతో.

మైపాడు వైపు షికారుకొస్తే స్పీకర్లు ఇంట్లో వదిలి రండి. పక్కవాడు తెస్తే ఆపమనండి. ఒక్క నిమిషం అంటే ఆ నిమిషం కూడా ఇవ్వొద్దు.

రాసేటప్పుడు ఉప్పు రాకాసి గొంతు అని రాయకండి. ఆదిశేషమ్మ గొంతు అని రాయండి.